యాదగిరి నవ్విన ఫొటో

2010 ఫిబ్రవరి, ఆదివారం రాత్రి, నాచారం

ఉప్పల్‌లో వీధి మొదట్లోనే యాదగిరి ఫ్లెక్సీ కట్టారు. తెలంగాణ కోసం ప్రాణమిచ్చిన అమరుడని రాశారు. ఆ ఫొటో నేను తీసిందే, కిందటి చలికాలం ఇద్దరం భువనగిరి గుట్ట ఎక్కినప్పుడు. గుట్టను కత్తిరించేసి చుట్టూ నాయకుల ముఖాలు పెట్టారు.

ఇవాళ వాడి దినాలు. వాళ్లింటికి వెళ్తే గుమ్మం దగ్గర ఒకతను ఆపాడు. "నువ్వు గుంటూరోనివి గదా, ఈడ నీకేం పని?"

యాదగిరి తల్లి విని లేచొచ్చింది. "నా కొడుకు దోస్తు. రానియ్యి," అని నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

"గా ఫొటోల మస్తు నవ్వుతుండు. ఎందుకు నవ్విండు బిడ్డా?"

చెప్పాను. కెమెరాలో చూస్తూ వెనక్కి నడిచి, బండ మీద జర్రున జారి కూలబడ్డాను. నన్ను లేపడం మానేసి వాడు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే నొక్కాను.

ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

రాష్ట్రం విడిపోతే నన్నిక్కడ ఉండనిస్తారా అన్న భయం వాడికొక్కడికే చెప్పుకునేవాణ్ణి. "నేనున్న గదరా, నీకేం ఫికర్?" అనేవాడు.

ఈ రాత్రి కూడా వాడికే చెప్పాలనిపిస్తోంది.