ఇసుకలో మునిగిన గాటు

మార్చి 9
రాయికల్ వాగు. ఎండిపోయి నెల దాటింది. వాగు నుంచి గాలికి కొట్టుకొచ్చే ఇసుక కొలిచేందుకు పది మేకులు పాతాను. ఐదు, ఒడ్డున ఈత చెట్లు నిలిచి ఉన్న చోట, వాటి వెనుక చేనులో. ఐదు, చెట్లు కొట్టేసిన ఖాళీ వెనుక, గంగవ్వ చేనులో. గాలి పడమటి నుంచి.

మార్చి 16
చెట్ల వెనుక నేల నల్లగానే ఉంది. గంగవ్వ చేనులో రెండు వేళ్ల ఇసుక. నువ్వుల మొలకల మీంచి ఆమె చేత్తో తీస్తోంది.
"అన్నంల ఇసుకొస్తె ఏరి పారేస్తం సారూ. చేన్ల వస్తె ఏం ఏరుదుం?"

ఆ చెట్లు కొట్టేయమన్నది నేనే. నాలుగేళ్ల క్రితం, రైతుల సమావేశంలో. అడవిపందులు ఈత పొదల్లో దాగి మొక్కజొన్న చేన్లు పాడుచేస్తున్నాయన్నారు. పొదలు తీసేయండి అన్నాను. నేల శాస్త్రం చదివినవాణ్ణి, గాలిని మరిచాను.

మార్చి 17
ఆనాటి సలహా పత్రం దొరికింది. నా సంతకమే.

మార్చి 24
కల్లు గీసే లింగయ్య గౌడ్ ఈత చెట్టు దిగాడు. కొట్టేసినవి కూడా అతడు గీసే చెట్లే, అతని చెట్లలో సగానికి సగం.
"పందులు పోయినయా సారు? పొదలు లేవని గిప్పుడు మక్కలల్లనే పండుకుంటున్నయి!"
నవ్వాడు. కోపం లేని నవ్వు... అదే కష్టం.
మిగిలిన చెట్లు అతడు గీస్తున్నాడు గనుకే ఎవరూ ముట్టుకోవడం లేదు.

మార్చి 31
ఈత చెట్టును ఒక ఏడు తూర్పున గీస్తే, మరుసటి ఏడు పడమరన గీస్తారట. గాట్లు లెక్కిస్తే ఏళ్లు తెలుస్తాయి. లింగయ్య ఒక చెట్టు మొదట్లో ఇసుక తోడాడు. మోచేతి లోతున, ఒక పాత గాటు.
"గిది మా బిడ్డ పుట్టిన ఏడు గీసిన. అప్పుడు నా మోకాలంత ఎత్తుల ఉండె."
ఆ ఎత్తు, ఈ లోతు — అంత ఇసుకనూ చెట్టు తన కాళ్ల దగ్గరే ఆపింది. నా మేకులవి వారాల కొలతలు.

ఏప్రిల్ 6
లింగయ్యకు కోరుట్ల ఏజెంటు నుంచి కబురు. మస్కట్‌లో పని ఉందని.
"సగం చెట్లతోని ఇల్లెట్ల గడుస్తది సారు? మా బావ సిరిసిల్లల మగ్గం ఇడిసిపెట్టి ఆడికే పోయిండు."
మరి ఈ చెట్లు? అడిగే హక్కు పోగొట్టుకున్నాను.

ఏప్రిల్ 13
నివేదిక పూర్తి. మిగిలిన చెట్లు కాపాడాలి, ఖాళీలో ఈత, రెల్లు నాటాలి. మొదటి వాక్యం: పొదలు తీయమన్న సలహా నాది, అది తప్పు.
పై అధికారి — "ఆ వాక్యం ఎందుకండీ, తీసేద్దురూ..."
తీయలేదు.

ఏప్రిల్ 28
జగిత్యాల బస్టాండు. లింగయ్య చేతిలో కొత్త సంచి. అరచేతుల్లో మోకు పట్టి కాసిన పాత కాయలు.
"ఈ ఏడు తూర్పుకు గీసిన సారు. వచ్చే ఏడు పడమరకు. యాదికుంచుకోండ్రి."
ఉంచుకుంటాను. గీసేదెవరు?

మే 5
నివేదికకు జవాబు లేదు. ఒడ్డున లింగయ్య చెట్లు మూడింటికి సున్నపు గుర్తులు. కొట్టడానికే.
ఎవరు పెట్టారని గంగవ్వను అడిగాను. తల దించుకుంది.
"మళ్ల పందులంటున్నరు సారు. ఎవలన్న అడ్డమొస్తె... నాలుగేండ్ల కింద మీరిచ్చిన కాయితమే సూపిస్తున్నరు."
రుమాలు తడిపి గుర్తులు తుడిచాను. రెండు పోయాయి. మూడోది — బిడ్డ పుట్టిన ఏటి చెట్టు — బెరడు గరుకులో సున్నం ఇంకా తెల్లగానే...