కరగని మాత్ర

నవంబరు 14, గురువారం.

ఈరోజు పని: దుప్పట్లు మూడు, దిండు గలీబులు నాలుగు ఉతికి ఆరేశాను. అత్తయ్య పిండికట్టు తడవకుండా ప్లాస్టిక్ సంచి చుట్టి ఒళ్లు తుడిచాను. వంటింటి కుళాయికి కొత్త వాషరు వేయించాను. బీపీ రెండుసార్లు చూసి రాశాను. మిగిలింది ఈ ఉత్తరం.

శ్రీవారికి,

ఇక్కడ ఇద్దరం క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను. క్షేమమంటే అలసట లేదని కాదు. సాయంత్రమయ్యేసరికి ఈ నడుము నాదో పక్కింటివాళ్లదో తెలియడం లేదు. ఫోను చేద్దామంటే మీ హాస్టల్లో ఫోను వెనక నలుగురు నిలబడి ఉంటారు, మీరు "సర్లే, సర్లే" అని పెట్టేస్తారు. ఇది సర్లే అనే విషయం కాదు.

మీరు ఆరో తేదీన రాసిన ఉత్తరం అందింది. అడిగినవాటికి వరసగా జవాబు రాస్తున్నాను. అత్తయ్య నుదుటి కుట్లు విప్పేశారు. సన్నటి గీత మిగిలింది. అద్దం అడిగి చూసుకుని, "ఈ వయసులో కొత్త నగ చేయించావు కదే" అంది. మణికట్టు పిండికట్టు ఇంకో రెండు వారాలుంటుంది. విరిగింది ఎడమ చెయ్యి కావడం అదృష్టమని డాక్టరు అన్నాడు. అత్తయ్యది ఎడమచేతివాటమని ఆయనకేం తెలుసు. మూడు పూటలా నేనే తినిపిస్తున్నాను. కుళాయి కారడం ఆగింది. మాత్రల లెక్క సరిపోయిందా అని కూడా అడిగారు. దానికి జవాబు కింద రాస్తాను.

ఆయా మానేశాక పనంతా నా మీదే పడింది. మానేసిందేమిటి, మనమే మాన్పించాం. స్నానాల గదిలో అత్తయ్య ఆమె చేతుల్లోంచే జారి పడింది కాబట్టి, ఆ రోజు ఫోనులో మీరు "ముందు ఆమెని పంపించెయ్" అన్నారు. నేను సరేనన్నాను. నేల తడిగా ఉంచిందని నేనే మీకు చెప్పాను కూడా. ఇప్పుడు మీరు, ఆయా పొరపాటున రెండు మాత్రలు వేసి ఉంటుంది, లేకపోతే బీపీ అంతలా పడిపోదు, పంపేయడమే మంచిదైంది అని రాశారు. ఆ వాక్యం చదివాక మీకు రాయకుండా ఉండలేకపోయాను.

మీరు ప్రతి ఉత్తరంలోనూ మీ ఫ్యాక్టరీలో తయారుచేసే పొడి గురించి ఒక పేరా రాస్తారు. నిజం చెప్పాలంటే పదకొండేళ్లుగా నేను ఆ పేరా దాటేసి చదువుతున్నాను. జీతం, జలుబు, సెలవు ఎప్పుడు, అవే చూసుకునేదాన్ని. మొన్న ఆ ఉత్తరాల కట్టలన్నీ విప్పి, ఆ పేరాలొక్కటే వరసగా చదివాను. మూడేళ్ల కిందట రాసిన దాంట్లో ఉంది. మీ పొడి నీళ్లకు కరగదనీ, దాన్ని మందుతో కలిపి బిళ్ల కొడితే లోపలి సన్నని దారుల్లోంచి మందు రోజంతా కొంచెం కొంచెంగా ఊరి వస్తుందనీ, మందంతా పోయాక ఖాళీ గూడు అలాగే బయటికి వచ్చేస్తుందనీ రాశారు. "అది చూసి మాత్ర కరగలేదని కంగారుపడేవాళ్లు కూడా ఉంటారట" అని చివర్లో నవ్వారు.

ఆ కంగారుపడ్డదాన్ని నేనే.

పోయిన నెల డాక్టరు అత్తయ్యకు రోజుకొక్కటే చాలని కొత్త బీపీ మాత్ర రాశాడు కదా. అత్తయ్య దొడ్డికి మంచం పక్కన పెట్టిన గిన్నె శుభ్రం చేసేది నేనే. అయిదు రోజులు వరసగా అందులో మాత్ర కనపడింది. రంగు వెలిసింది తప్ప ఆకారం చెక్కుచెదరలేదు. తేదీలతో సహా రాసి పెట్టాను. ఆ వారం బీపీ కూడా కాస్త ఎక్కువగానే ఉంది. మందు ఒంటికి పట్టడం లేదని తేల్చుకున్నాను. ఇలాంటివి ఎవరినైనా అడగాలంటే సిగ్గు. ఇరవయ్యో తేదీ పొద్దుట్నుంచి రోజూ రెండు చెంచాల మధ్య నలిపి, అరటిపండు గుజ్జులో కలిపి పెట్టాను. ఆ రోజూ మర్నాడూ అత్తయ్య "తల తేలిపోతోందే" అంది. ఇప్పటికి మందు పనిచేస్తోందనుకున్నాను. ఇరవై రెండున మాత్ర పెట్టిన అరగంటకు ఆయా స్నానానికి తీసుకెళ్లింది. తర్వాతది మీకు తెలుసు.

ఆ మాత్ర నలపకూడదని నాకు ఈ నెల అయిదున తెలిసింది. ఆసుపత్రిలో నర్సులు మాత్ర మాత్రగానే మింగించారు. ఇంటికొచ్చాక ఓ వారం నేనూ అలాగే ఇచ్చాను. గిన్నెలో మళ్లీ కనపడేసరికి, నలిపే చిన్న డబ్బా కొందామని మందుల కొట్టుకి వెళ్లాను. కొట్టతను ఏ మాత్రకని అడిగాడు. చీటీ చూపిస్తే డబ్బా తీసి మళ్లీ లోపల పెట్టేశాడు.

"ఇది నలిపితే రోజంతా అందాల్సిన మందు ఒక్కసారే దిగిపోతుందండీ. ఎప్పుడైనా నలిపారా?"

లేదన్నాను. చీటీ మడిచి ఇంటికొచ్చేశాను. మర్నాడు డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయనకు చెప్పడం తేలికే అయింది. మీకు ఎనిమిది రోజులుగా చెప్పలేకపోయాను.

మీ ప్రశ్నకు జవాబు ఇది. మాత్రల లెక్క సరిగ్గా సరిపోయింది. ఒక్కటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఆయా ఏనాడూ ఆ డబ్బా ముట్టుకోలేదు. నేల కూడా తడిగా లేదు.

నిన్న ఆయా ఇంటికి వెళ్లాను. ఇప్పుడు ఒక క్యాంటీన్లో గిన్నెలు కడుగుతోంది. రోగుల్ని చూసుకునే పని మన తర్వాత రెండు చోట్ల దొరికిందట, తనే వద్దందట. గుమ్మంలో నిలబడే అంతా చెప్పాను. చాలాసేపు తన అరచేతులు చూసుకుంది.

"ఆ రోజు నుంచి ఈ చేతుల్ని నమ్మడం లేదమ్మా. పట్టు పోయిందేమో, ఇంకెవరినన్నా పడేస్తానేమోనని" అంది.

మళ్లీ రమ్మని అడిగాను. "పంపించెయ్యమంది సారుగారు కదా. ఆయనకి తెలుసా?" అంది. తెలియదన్నాను. "అయితే ముందు ఆయనకి రాయండి. ఉత్తరం డబ్బాలో పడ్డం నేను చూడాలి" అంది. ఆ మాటలో కోపం లేదు. అదే కష్టంగా ఉంది.

ఈ పొద్దున అత్తయ్యకూ చెప్పేశాను. తింటున్నది ఆపింది. "వాడు చేసింది కరగదు, నువ్వు నలిపింది ఆగదు, మధ్యలో నా తల" అంది. తర్వాత నోరు తెరిచింది, ఇంకో ముద్ద పెట్టమని.

మీరేమంటారో తెలియదు. కోపమొస్తే కోపంగానే రాయండి, సర్లే అనవద్దు. ఆ పొడి పేరా మాత్రం మానకండి. ఇకమీదట అదే ముందు చదువుతాను.

ఇట్లు,
మీ ఇల్లాలు

తా.క.: శుక్రవారం పొద్దున, ఏడున్నర. పోస్టు డబ్బా మీద పెట్టి ఈ రెండు ముక్కలు రాస్తున్నాను. ఆయా పక్కనే ఉంది. ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. నేల తడిగా లేదని రాసిన చోట మళ్లీ ఒకసారి చదవమంది. చదివాను. అత్తయ్య స్నానానికి వేళవుతోంది, తొందరగా వెయ్యండమ్మా అంటోంది. ఆయాకు పడ్డ బాకీ, ఈ ఉత్తరంతో చెల్లు.