చదునైన చోటు

మార్చి 3
పాప నెలలు నిండకుండానే పుట్టింది. ఇంక్యుబేటర్‌లో ఉంది. ఇలాంటి పిల్లలు మొదట కాస్త బరువు తగ్గుతారట. తగ్గడం ఆగి ఎక్కడం మొదలైతేనే గండం గడిచినట్టని డాక్టరు అన్నారు. కంగారు పడొద్దని కూడా అన్నారు. అది నా వల్ల కావడం లేదు.

మార్చి 6, ఉదయం
రోజూ చార్టు మీద బరువు ఒక చుక్క. కాలేజీలో కాలిక్యులస్ చెప్పేదాన్ని, చుక్కల్ని కలపకుండా ఉండగలనా? ఇంకా దిగుతోంది. కానీ నిన్నటి కన్నా తక్కువ దిగింది. ఇన్‌ఫ్లెక్షన్! గీత వంపు మారింది, అడుగు దగ్గర్లోనే ఉండాలి. మా ఆయనకు చెప్తే, నీకు దణ్ణం పెడతాను, ఎక్కిందా దిగిందా ఒక్క ముక్కలో చెప్పు అన్నాడు.

మార్చి 7
నిన్న ఎంతో ఇవాళా అంతే. వాలు సున్నా. లెక్కల్లో దీన్ని క్రిటికల్ పాయింట్ అంటాం. ఇదే మినిమమ్, గీతకి అట్టడుగు, రేపటి నుంచి ఎక్కడమేనని చెప్పేశాను. మా ఆయన ఆగుతాడా, ఫోన్లో బంధువులందరికీ చాటింపు వేశాడు. అమ్మ సంతోషం పట్టలేక ఏడ్చింది.

మార్చి 8
తగ్గింది.

మార్చి 8, సాయంత్రం
వాలు సున్నా అయితే చాలు, మినిమమ్ అని రాసేసే పిల్లలకు ఏళ్ల తరబడి మార్కులు కోస్తున్నాను. అవతలి వైపు కూడా చూడండర్రా, గీత కాసేపు చదునై మళ్లీ అదే దారిన దిగొచ్చు అని గొంతు చించుకుంటాను. తీరా నా పాప దగ్గరికి వచ్చేసరికి అదే తప్పు చేశాను. మా ఆయన మళ్లీ ఫోన్ తీసి, తగ్గిందని బంధువులకు ఒక్కొక్కరికీ చెప్పుకొచ్చాడు. తిట్టినా బాగుండేది.

మేజర్ అని మేం పేరు పెట్టుకున్న నర్సు మాత్రం ఊరుకోలేదు. ముందు ఆ చార్టు దగ్గర్నుంచి లేవమంది. పొద్దుటి నుంచి పాపనే గమనిస్తోందట. పాలు చప్పరించడానికే ఉన్న ఓపికంతా అయిపోతోందట. డాక్టరుతో మాట్లాడి సగం పాలు ట్యూబుతో పట్టేలా చేసింది. లెక్కలు తర్వాత చూసుకుందువుగానీ అమ్మా, బిడ్డని గుండెకి ఆనించుకో అంది. డ్యూటీ అయిపోయినా వెళ్లకుండా నా చేతులు సరిచేస్తూ నిలబడింది. ఆవిడ రుణం ఏం పెట్టి తీర్చుకోను?

మార్చి 10
మళ్లీ చదును. మా ఆయన నా ముఖం వంక చూశాడు. నోరు మూసుకున్నాను.

మార్చి 11
ఎక్కింది! పది గ్రాములే. మేజర్ రెండుసార్లు తూచి చూసింది. ఇప్పుడైనా మినిమమ్ అనొచ్చా టీచరమ్మా అన్నాడు మా ఆయన. ఆ మాట ఎప్పుడు నేర్చుకున్నాడో! ముగ్గురం నవ్వాం. నేనూ ఆయనా ఏడ్చాం కూడా.

మార్చి 29
ఇంటికి వచ్చేశాం. ఇక్కడ తూకం లేదు. ఎత్తుకుని ఎత్తుకుని చేతులు లాగేస్తున్నాయి. ఎంత హాయిగా ఉందో.