చిలకమ్మకి అల్లం పడదు

మొగల్తూరు,
ఏప్రిల్ 9

చిట్టియ్య గారికి గంగరాజు నమస్కారాలు.

మీకు ఫోను చేస్తే "ఊఁ" అన్నారు, "ఆఁ" అన్నారు, పెట్టేశారు. మళ్ళీ చేస్తే ఎవరో ఎత్తి, "ఆయన ఫోనులో మాట్లాడరండి. ఉత్తరం రాయండి, రాతలో కాస్త నయం" అన్నారు. నేను ఉత్తరం రాసి పాతికేళ్ళయింది. పోస్టాఫీసుకి వెళ్ళి ఇన్లాండు కవరు అడిగితే అక్కడి అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

విషయం మీకు తెలిసిందే. నిడదవోలు పెళ్ళి ఊరేగింపులో మీ చిలకమ్మని చూశాను. ముందు బ్యాండు, పక్కన టపాకాయలు, పైన వణికిపోతున్న పెళ్ళికొడుకు. అది మాత్రం తన పని తను చూసుకుంటూ నడిచింది. నా రొయ్యల చెరువుల గట్ల మీద తిరగడానికి ఇలాంటి గుర్రమే కావాలని అప్పుడే అనుకున్నాను. వానాకాలం ఆ గట్ల మీద బైకు నడిపి రెండుసార్లు చెరువులో పడ్డాను. రెండోసారి వల వేసి తీశారు.

మీరున్న దొడ్డి ఎవరో కొనుక్కున్నారని, జూన్ నెలాఖరుకి ఖాళీ చెయ్యాలని, అందుకే అమ్ముతున్నానని, ఈ ఎండల్లో గుర్రాన్ని కదపకూడదని ఆ రోజు చెప్పారు. మీరు మాట్లాడిన మాటలు మొత్తం అవే. బయానా ఇచ్చేశాను కాబట్టి నాకు నిశ్చింత. ఎండలు తగ్గేవరకూ చిలకమ్మని మీ దగ్గరే ఉండనివ్వండి. ఈలోగా ఇంటి వెనక షెడ్డు వేయిస్తాను. ఏమేం కావాలో మొహమాటపడకుండా రాయండి.

ఇట్లు,
గంగరాజు

తా.క.: మా అమ్మ పాపాయమ్మకి ఎనభై రెండేళ్ళు. గుర్రం సంగతి చెప్పగానే "ఎక్కేది నువ్వా? పాపం గుర్రం" అంది. మీ ఉత్తరాలన్నీ తనకి చదివి వినిపించాలట.


నిడదవోలు,
ఏప్రిల్ 15

గంగరాజు గారికి చిట్టియ్య రాస్తున్నది.

ఉత్తరం అందింది. నేను రోజూ రాసుకునే పుస్తకంలోంచి:

12. ఎండ ఎక్కువ. నీళ్ళు ఆరు బకెట్లు. మేత తక్కువ.
13. నీళ్ళు ఏడు. సాయంత్రం కాళ్ళు కడిగాను. మేత బాగా తింది.
14. పగటి పెళ్ళి ఒకటి వచ్చింది. ఎండని ఒప్పుకోలేదు.

కావలసినవి రాస్తున్నాను. గది పన్నెండడుగుల పొడుగు, పన్నెండు వెడల్పు, పన్నెండు ఎత్తు. రేకు మీద తాటాకు కప్పాలి. ఉత్త రేకు అయితే లోపల ఉడికిపోతుంది. రెండువైపుల నుంచీ గాలి రావాలి. ఫ్యాను ఉండాలి. తాగే నీళ్ళు ఎప్పుడూ నీడలో ఉండాలి. చెమటలో ఉప్పు పోతుంది కాబట్టి రోజుకొకసారి ఉప్పు కలిపిన నీళ్ళు పెట్టాలి. పని పొద్దున్న ఏడు లోపు, సాయంత్రం ఐదు తర్వాత. మధ్యలో పని చెప్పకూడదు.

ఇవన్నీ కుదరకపోతే నేనేమీ అనుకోను. తొందర లేదు.

చిట్టియ్య

తా.క.: చిలకమ్మ నా దగ్గరకి వచ్చి ఎనిమిదేళ్ళు.


మొగల్తూరు,
ఏప్రిల్ 24

చిట్టియ్య గారికి గంగరాజు నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం మా అమ్మకి రెండుసార్లు చదివాను. "పాపం" అంది.

పని మొదలైంది. పన్నెండడుగుల ఎత్తు అనగానే మా మేస్త్రి లోవరాజు "ఇంత ఎత్తా! ఎవరండీ ఉండేది?" అన్నాడు. "ఉండేవాళ్ళే అడిగారు, నువ్వు కట్టు" అన్నాను. అదే కొలతతో పక్కన రెండో గది కూడా వేయిస్తున్నాను. రెండింటికీ తాటాకు, రెండింటికీ ఫ్యాన్లు. మధ్యాహ్నం పని చెప్పకూడదన్నారు. అది న్యాయం. నేనూ పదకొండు నుంచి నాలుగు దాకా ఎవరికీ పని చెప్పను. పడుకుంటాను.

ఉత్త ఉప్పునీళ్ళు ఎలా తాగుతారండీ? మజ్జిగ చేయిస్తాం. అందులో అల్లం వెయ్యమంటారా, కరివేపాకు చాలా? స్నానానికి చెరువు మోటారు నుంచి పైపు లాగి షవరు పెట్టిస్తున్నాను. వేడినీళ్ళు కావాలంటే చెప్పండి, గీజరు పెట్టిద్దాం.

ఇట్లు,
గంగరాజు

తా.క.: అమ్మ అడగమంది. చిలకమ్మకి చేపలు పడతాయా? లేకపోతే కోడికూర ఉండాలా?


నిడదవోలు,
మే 2

గంగరాజు గారికి చిట్టియ్య రాస్తున్నది.

మీ ఉత్తరం 28న వచ్చింది. ఆ రోజు పుస్తకంలో ఇలా ఉంది: "నీళ్ళు ఏడు. చిలకమ్మ మేత బాగా తింది. నాకు అన్నం సయించలేదు."

మజ్జిగ వద్దు. అల్లం అసలే వద్దు. చేపలు వద్దు. కోడి వద్దు. గుర్రం గడ్డి తింటుంది. నానబెట్టిన ఉలవలు తింటుంది.

గీజరు వద్దు. చన్నీళ్ళు ముందు గిట్టల మీద పొయ్యాలి. తర్వాత కాళ్ళ మీద. ఆఖర్న ఒంటి మీద. పోసిన నీళ్ళు చేత్తో తుడిచెయ్యాలి. వదిలేస్తే అవే వేడెక్కుతాయి.

నేల సిమెంటు చెయ్యకండి. ఇసుక పరిపించండి. ఈగలూ దోమలూ ఉండకూడదు. రెండో గదిలో గడ్డి పెట్టుకోవచ్చు.

ముఖ్యమైనది ఇప్పుడు రాస్తున్నాను. ఒంటరిగా ఉండలేదు. తోడు ఉండాలి. తోడు లేకపోతే బెంగపెట్టుకుంటుంది, తిండి మానేస్తుంది. తగిన తోడు దొరకడం కష్టం. అది దొరికేదాకా ఇక్కడే ఉంటే మంచిది. నాకు ఇబ్బంది లేదు.

చిట్టియ్య

తా.క.: మేక చాలని కొందరు అంటారు. చాలదు.


మొగల్తూరు,
మే 12

చిట్టియ్య గారికి గంగరాజు నమస్కారాలతో.

అల్లం పడదు. రాసుకున్నాను. నాకూ పడదు, గ్యాసు. ఇంట్లో అల్లం మానేశాం.

చేపలు వద్దు, కోడి వద్దు అంటే అమ్మ నమ్మడం లేదు. "కొత్తలో అందరూ అలాగే అంటారురా. వచ్చాక చూద్దాం" అంది. ముందు కాళ్ళ మీద నీళ్ళు పోసే పద్ధతి నేనే చేసి చూశాను. ఎంత హాయిగా ఉందండీ! ఇప్పుడు ఇంటిల్లిపాదిమీ అలాగే పోసుకుంటున్నాం. మా బావమరిదికి జలుబు చేసింది. అతను చేత్తో తుడవలేదు.

ఇసుక పరిపించాను. దోమతెర కుట్టించాను. రెండో గదిలో గడ్డి పెట్టమన్నారు, అది మాత్రం నా వల్ల కాదు. మా ఇంటి మర్యాద ఏం కాను? పొద్దుపోవడానికి అందులో టీవీ పెట్టించాను. ప్రస్తుతం అమ్మ చూస్తోంది. ఇల్లంతటికీ చల్లటి చోటు అదేనని మంచం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఇక ముఖ్యమైన సంగతి. తోడు లేకపోతే బెంగ అని మీరు రాసిన చోట అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ మాట పైకి చెప్పడం ఎవరికైనా కష్టమే. మేక చాలదని నాకు తెలీదా అండీ! ఊళ్ళోనే విచారించాం. పేరు రూతు. వయసు నలభై ఎనిమిది. నెమ్మది. పనిలో చురుకు. ఆరేళ్ళుగా ఒంటరి. ఎత్తు సరిపోతుంది. మీరు సరేనంటే మాట కదుపుతాం.

ఇట్లు,
గంగరాజు

తా.క.: టీవీలో చిలకమ్మకి ఇష్టమైనవి ఏమైనా ఉంటే రాయండి. ప్రస్తుతానికి అమ్మ సీరియళ్ళు మాత్రమే వస్తున్నాయి.


నిడదవోలు,
మే 27

గంగరాజు గారికి చిట్టియ్య రాస్తున్నది.

నలభై ఎనిమిదేళ్ళ గుర్రం ఉండదు. ముప్పై బతికితే గొప్ప. మీకెవరో అంటగడుతున్నారు. బయానా ఇవ్వకండి. పై పెదవి ఎత్తి పళ్ళు చూడండి. వయసు పళ్ళలో తెలుస్తుంది. నాలుగు కాళ్ళూ ఒక్కొక్కటే ఎత్తించి చూడండి. కాస్త దూరం పరిగెత్తించి, దగ్గుతుందేమో వినండి.

మొన్న 24న బస్సెక్కి మీ ఊరు వచ్చాను. చెప్పకుండా వచ్చాను. మీరు చెరువుల దగ్గరున్నారు. షెడ్డు చూశాను. నిజం రాస్తున్నాను, లోపం పట్టుకుందామనే వచ్చాను. మొదటి గదిలో దొరకలేదు. నీడ బాగుంది. గాలి బాగుంది. తొట్టి సరైన చోట ఉంది. నేను కూడా అంత బాగా కట్టలేను.

తర్వాత రెండో గది చూశాను. మంచం ఉంది. పరుపు ఉంది. గోడకి అద్దం, దువ్వెన ఉన్నాయి. ఆ రూతు కోసం అనుకుంటాను. గుర్రం మంచమెక్కదు. అద్దం చూసుకోదు.

పెద్దావిడ టీవీ చూస్తున్నారు. నేనెవరని అడగలేదు. మజ్జిగ ఇచ్చారు. తాగాను. అల్లం లేదు.

అక్కడి నుంచి వచ్చాక మూడు రోజులు ఆలోచించాను. మీరు మంచివాళ్ళు. కానీ గుర్రాన్ని గుర్రంలా చూడటం మీకు తెలీదు. నేను లేని చోట దానికి ఎవరు చేపలు పెడతారో, ఎవరు టీవీ పెడతారో తెలీకుండా నేను పంపలేను. బయానా తిప్పి పంపుతాను. దొడ్డి సంగతి ఏదో ఒకటి చూసుకుంటాను. ఏం చూసుకుంటానో ఇంకా తెలీదు.

క్షమించాలి.

చిట్టియ్య

తా.క.: ఇంత పెద్ద ఉత్తరం నేను ఎప్పుడూ రాయలేదు.


మొగల్తూరు,
జూన్ 3

చిట్టియ్య గారికి గంగరాజు రెండు చేతులూ జోడించి రాయునది.

బాబ్బాబు, బయానా పంపకండి.

మీ ఉత్తరం నిలబడి చదివాను. తర్వాత కూర్చుని చదివాను. తర్వాత అమ్మకి చదివాను. "ఆ రోజు వచ్చింది ఆయనేరా! గుమ్మంలో నిలబడి ఊఁ అన్నాడు, ఆఁ అన్నాడు, ఫ్యాను వంక చూసి వెళ్ళిపోయాడు" అంది.

చిట్టియ్య గారూ, ఆ రెండో గది ఏ గుర్రానిదీ కాదు. మీది.

మా రొయ్యల పనిలో ఒక పద్ధతి ఉంది. చెరువు చేతులు మారితే, ఆ నీళ్ళు తెలిసిన మనిషి కూడా చెరువుతోనే వస్తాడు. అతను రాడంటే ఆ చెరువు ఎవరూ తీసుకోరు. మొదటి రోజు నుంచీ నా లెక్క అదే. చిలకమ్మ వస్తుందంటే మీరు వస్తున్నట్టే. మీ దొడ్డి పోతోంది కదా, మిమ్మల్ని వేరే అడగాలని కూడా తోచలేదు. నాకు గుర్రం ఏ వైపు నుంచి ఎక్కాలో తెలీదండీ! మీరు లేకుండా తెచ్చుకుని ఏం చేసుకుంటాను?

ఇక తప్పంతా అమ్మది. మీ మొదటి ఉత్తరం వినగానే "మొహమాటస్తుడురా. తనకి కావలసినవి నోరు తెరిచి అడగలేక గుర్రం పేరు మీద అడుగుతున్నాడు. గాలి రావాలిట, మధ్యాహ్నం పని చెప్పకూడదట. గుర్రాలు అడుగుతాయా ఇవన్నీ?" అంది. మీకో గుర్రానికో తేల్చుకోలేక అన్నీ రెండేసి చేయించాను. అందుకే మజ్జిగ, అందుకే చేపలు, అందుకే మంచం. తోడు కావాలని రాసేసరికి అమ్మకి ఇక అనుమానమే లేకపోయింది.

రూతు మా వీధిలో మిషను కుడుతుంది. ఆవిడా మీలాగే చర్చికి వెళ్ళే మనిషే, భర్త పోయి ఆరేళ్ళయింది. మీ దోమతెర ఆవిడే కుట్టింది. ఇంకా ఎవరితోనూ ఏమీ అనలేదు, బతికిపోయాం అనుకున్నాను. ఇంతలో దోమతెర అంచులు సరిచెయ్యడానికి ఆవిడ వచ్చింది. అమ్మ ఊరుకుంటుందా? మొత్తం చెప్పేసి, మీ ఉత్తరం నా చేతే చదివించింది. పెదవి ఎత్తడం, కాళ్ళు ఎత్తించడం, పరిగెత్తించడం, అన్నీ. నేను నేల చూపులు చూస్తున్నాను. ఆవిడ సూది పక్కన పెట్టి, నవ్వాపుకుని, "బాగానే ఉందండి. మరి ఆయన పళ్ళు ఎవరు చూస్తారు?" అంది.

మీరొస్తారా రారా, ఒక్క ముక్క రాయండి.

ఇట్లు,
గంగరాజు

తా.క.: రాకపోతే ఆ గది ఖాళీ అవుతుందని అమ్మ తన సామాను సర్దుకుంటోంది. త్వరగా రాయండి.


నిడదవోలు,
జూన్ 9

గంగరాజు గారికి చిట్టియ్య రాస్తున్నది.

వస్తాం.

తునిలో మా మేనల్లుడు జీవరాజు నాకు ఒక గోడౌనులో కాపలా పని చూశాడు. రానని ఈ రోజే రాశాను.

కొన్ని సరిచెయ్యాలి. ఎత్తు పన్నెండు అక్కర్లేదు, పది చాలు. ఇసుక లేకపోయినా సరిపోయేది, ఎండుగడ్డి పరిస్తే చాలు. తోడు కష్టమని రాసింది కూడా నిజం కాదు. మేక చాలు. చిలకమ్మకి మేకంటే ఇష్టం. దాన్ని పంపడం ఇష్టం లేక షరతులు ఒక్కొక్కటే పెంచుకుంటూ పోయాను. మీరు ఒక్కొక్కటే కట్టుకుంటూ పోయారు.

మొదటి నెల మీరు ఎక్కడానికి లేదు. గట్ల మీద పక్కన నడవాలి. చిలకమ్మ మిమ్మల్ని చూసి ఒప్పుకోవాలి.

పుస్తకంలోంచి:

7. మీ ఉత్తరం వచ్చింది. చిలకమ్మకి చదివాను.
8. తొలకరి. నీళ్ళు నాలుగు బకెట్లు. మేత బాగా తింది. నేనూ తిన్నాను.

వాన పడింది కాబట్టి కదపవచ్చు. 14న తెల్లారగట్ల వ్యానులో బయల్దేరతాం. టీవీ పెద్దావిడకే ఉంచండి.

చిట్టియ్య

తా.క.: అల్లం పడనిది చిలకమ్మకి. నాకు మజ్జిగలో అల్లం ఉండాలి. చేపలు కూడా తింటాను.

ఇంకొకటి. రూతు గారు అడిగినదానికి జవాబు. వయసు యాభై నాలుగు. పళ్ళు ముప్పై ఒకటి, కుడివైపు కింద ఒకటి పీకించాను. కాళ్ళు రెండూ బాగున్నాయి. దగ్గు లేదు. పరిగెత్తమంటే పరిగెత్తుతాను, కానీ పొద్దున్న ఏడు లోపు.