షాపు పేరు నా నోట రాలే

నవ్యా, రాంగనే బియ్యం డబ్బాల నా ఫోన్ తీసి చూడు. మన విత్తనాల షాపు వెబ్‌సైట్ పేరు వేరే కంపెనీకి పోతున్నదట. నువ్వే మార్పిస్తున్నవో, దొంగలు గుంజుకుంటున్నరో నాకు తెల్వదు. నువ్వు కాకపోతే ఎంటనే ఆపు. ఆ పేరు పోతే రైతులు మనల్ని ఎక్కడ వెతుకుతరు? మెసేజ్‌ల వచ్చిన కోడ్ ఎవ్వరికీ చెప్పలే.

ఇప్పుడు ఆ పేరు చూసుకునే కంపెనీ నుంచని ఒకామె ఫోన్ చేసి, "ఈ మార్పుకు ఒప్పుకుంటే సైటు పేరు మీ నోటితో చెప్పండమ్మా" అన్నది. అది మీ నాయిన పేరాయె. మొగని పేరు పలికితే ఆయుష్షు తగ్గుతదంటరు. ఆయన దవాఖానల ఉన్నప్పుడు ఎట్ల పలకాలె? భయమై ఫోన్ బంద్ చేసి దాచిన.

నేను మిర్యాలగూడ బస్సుకు పోతున్న, నాయిన దగ్గర్నే ఉంట. పప్పు వండిన, తిను.

అమ్మ

నువ్వే మార్పిస్తున్నదైతే, ఆమెకు ఆ పేరు నువ్వు చెప్పు బిడ్డా. కూతురు పలికితే ఏం కాదు.