నాన్న నెత్తికి పంపిన సీసా

అక్కా,

నేను క్షేమం, నా నెత్తి మాత్రం కాదు. మీ ఫోను మూగబోయింది కనుక ఈ కార్డు ముక్క.

జుట్టు రాలకుండా రాసుకుంటున్న మందు నా నెత్తిని మండించింది. మంట పుట్టిందంటే వెంట్రుక మొలుస్తోందని, ఇంత చదువు చదివిన నేను, ఇంకాస్త పట్టించాను. నిన్న సెలూన్ ఆయన దువ్వెన కింద పెట్టేసి, "బాబూ, ఇది తలా, కాలిన పెనమా? ముందు డాక్టరు దగ్గరికి నడు" అన్నాడు.

డాక్టరమ్మ మందు మానేసి చర్మం ఆరనివ్వమంది. ఆపైన, "కళ్ళు తిరగడం, గుండె దడ ఉన్నాయా? ఇది మొదట బీపీ తగ్గించడానికి వాడిన మందే, మండిన చర్మంలోంచి ఒంట్లోకీ దిగుతుంది" అంది. నవ్వబోయి ఆగిపోయాను. పోయినవారం నాన్న ఫోనులో, "లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయిరా, వయసు కదా" అన్నారు. ఆయన రోజూ బీపీ మాత్ర వేసుకుంటారు. ఆయన నెత్తికి ఆ సీసా పంపింది నేనే. "మండితే మంచిదే నాన్నా" అని ఉపదేశం కూడా చేశాను.

కార్డు అందగానే సీసా లాక్కుని, తల మామూలు నీళ్ళతో కడిగించు. సీసా, మాత్రలు రెండూ పట్టుకుని ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. బీపీ మాత్ర మాత్రం మీ అంతట మీరు మాన్పించకండి. మొండికేస్తే, ఆ బట్టతల మీద తబలా వాయిస్తూ పెరిగినవాళ్ళం, మాకు అదే కావాలని చెప్పు.

కార్డు కనుక పోస్ట్‌మాన్‌కు ఎలాగూ తెలిసిపోతుంది, అమ్మకు మాత్రం తెలియనివ్వకు. చంటిదానికి ముద్దులు.

నాన్న కళ్ళు తిరగకుండా లేచి నిలబడ్డారని ఒక్క ముక్క రాయి. అంతవరకు నాకు జోకులు రావు.

నీ తమ్ముడు