వంకర తీసిన గురి

ఆదివారం, మొయినాబాద్

జాతరల్లో బెలూన్లు కాల్చే దుకాణం నడిపిన మల్లయ్య తాత ఇవాళ షాబాద్ నుంచి వచ్చాడు, నిరుడు నాకమ్మిన ఎయిర్ గన్‌ను ఒకసారి చూసిపోదామని. నేను సేకరించి గోడకు తగిలించిన కొత్త ఎయిర్ రైఫిళ్ల వైపు చూడనే లేదు. పెరట్లో బెలూన్ కట్టాను. అలవాటుగా జర ఎడమకు గురిపెట్టి కాల్చాడు. తగల్లేదు. మళ్లీ కాల్చినా తగల్లేదు.

“కన్ను పోయింది బిడ్డా. ఇగ నన్ను గూడ నీ గోడకే తగిలియ్యి,” అని నవ్వాడు.

ఆయన కన్నుకేమీ కాలేదు. గొట్టం చివర గురిచూసే ముల్లు వంకరగా ఉందని కొన్నాక నేనే సరిచేశాను. గిరాకీలు గురి తప్పాలని ఆయన కావాలనే వంచిన ముల్లది; ఆ వంకరకు సరిపడా తాను ఎడమకు పెట్టి కొట్టేవాడని ఇవాళే అర్థమైంది. పాతదాన్ని ఎందుకు ముట్టుకున్నావంటాడేమోనని నోరు మెదపలేదు. తాత అలాగే బస్సెక్కాడు.

ఇప్పుడు ఫోన్ చేసి చెబితే ఓదారుస్తున్నాననే అనుకుంటాడు. పోనీ, ముల్లును మళ్లీ వంచి తీసుకెళితే... ఎంత వంకర ఉండేదో ఆయన కన్నుకే తెలుసు.